వదిన చేసిన కూలర్

పుట్టింట్లో ఆమెను అందరూ బొంగరం అనేవాళ్లు. ఒక్క చోట కూర్చుని అన్నం తిన్న పాపాన పోలేదని వాళ్లమ్మ పెట్టిన పేరది. పెళ్లయి, తలలో అక్కడక్కడ తెల్లవెంట్రుకలు వచ్చినా ఆ పేరు పోలేదు, ఆ తిరుగుడూ పోలేదు. ఫోన్ మోగితే చాలు, మాట్లాడినంతసేపూ ఇల్లంతా చుట్టేస్తుంది. మాట అయిపోయేసరికి ఏ గదిలో తేలుతుందో ఆమెకే తెలియదు.

అలాంటి మనిషికి దొరికిన పనేమో కుర్చీకి అతుక్కుని చేసేది. ఇంకా కట్టని ఇళ్లకు ఆమె బొమ్మలు చేస్తుంది. కట్టేవాళ్లు గీతల ప్లాను పంపిస్తారు. వాటిని కంప్యూటర్లో గదులుగా నిలబెట్టి, గోడలకు రంగు పూసి, కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేలమీద పడేట్టు చేసి, "మీ ఇల్లు ఇదిగో, ఇలా ఉంటుంది" అని చూపిస్తుంది. ఏ మూల ఎంత వెలుగు, ఎంత నీడ అన్నది లెక్కగట్టడం కంప్యూటర్ వంతు. అందుకు ఒక్కో బొమ్మకు గంటకు పైనే పడుతుంది. ఇంట్లో దాన్ని ఉడకడం అంటారు. "ఉండండి, హాలు ఉడుకుతోంది" అని ఆమె కేకేస్తే పొయ్యి మీద ఏమీ లేదని ఆమె భర్తకు అర్థమవుతుంది.

పేరుకు తగ్గట్టు అది నిజంగానే ఉడికేది. ఆ లెక్కలు చేసే ప్రాసెసర్ కొన్నప్పుడు, దాని వేడి లాగడానికి ఊరికే వచ్చిన కూలర్ ఒకటుంది. అరచేతిలో పట్టేంత అల్యూమినియం బిళ్ల, దాని మీద చిన్న ఫ్యాన్. ఎండ ముదిరే వేళకు వేడి తొంభై డిగ్రీలు దాటేది. దాటగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి నడక తగ్గించేది. ఫ్యాన్ మాత్రం గొంతు చించుకునేది. ఆ రొద వింటూ, తెర మీద సగం ఉడికి ఆగిన సోఫాను చూస్తూ బొంగరం వంటగదికీ పడగ్గదికీ మధ్య తిరుగుతుండేది.

ఒక బుధవారం పొద్దున్నే వాళ్ల వదిన అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చింది.

ఈ వదిన గురించి ముందు చెప్పాలి. బొంగరం వాళ్ల నాన్నకు రేడియేటర్ల షెడ్డు ఉండేది. లారీలకు, ట్రాక్టర్లకు రాగి గొట్టాలు వంచి, రేకులు గుచ్చి, అతుకులు వేసి ఇచ్చేవాడు. ఆయన పోయాక షెడ్డు అన్నయ్యకు రావాలి. అన్నయ్యకేమో ఆ చప్పుడు పడదు. బస్సు టికెట్లు అమ్మే ఆఫీసులో చల్లగా కూర్చునే మనిషి. దాంతో తాళంచెవి వదిన చేతికొచ్చింది. ఆ రేకుల మధ్యే ఆడుకుని పెరిగిన బొంగరానికి అది కాస్త గుచ్చుకుంది. పైకి ఒక్క మాట అనలేదు. అనకపోయినా వదినకు తెలుసు. ఆడపడుచు అర్ధమొగుడు అని ఊరికే అనలేదు కదా. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరితో ఒకరు మర్యాదగా ఉంటూ వచ్చారు. మనస్ఫూర్తిగా పోట్లాడుకోనూ లేదు, మనస్ఫూర్తిగా నవ్వుకోనూ లేదు.

రేడియేటర్లకు గిరాకీ తగ్గుతూ వచ్చింది. ఎవరిని చూసినా ప్లాస్టిక్ తొట్టెలున్న రెడీమేడ్ రేడియేటర్లే కావాలంటున్నారు. వేడిని లాగి గాలికి వదిలెయ్యడమే కదా తమ విద్య, లారీ అయితేనేం కంప్యూటర్ అయితేనేం అనుకుంది వదిన. ఆ అనుకున్నది ఇప్పుడు ఆ అట్టపెట్టెలో ఉంది.

"చూడు," అని బల్ల మీద పెట్టింది. జానెడు ఎత్తు. కింద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద రాగి పలక, అందులోంచి పైకి లేచిన నాలుగు రాగి గొట్టాలు, వాటికి గుచ్చిన పల్చటి రేకుల వరస, ఆ వరసకు తీగతో తగిలించిన పెద్ద ఫ్యాన్.

"నువ్వే చేశావా వదినా?"

"మరి మీ అన్నయ్య చేస్తాడా?" అంది వదిన. నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "కంప్యూటర్లు బిగించి అమ్మే షాపాయన ఒకాయన ఉన్నాడు. రోజూ కంప్యూటర్ని చావగొట్టే మనిషెవరైనా వాడి బాగుందంటే మొదటి విడత మొత్తం తీసుకుంటానన్నాడు. సోమవారం వస్తాడు. నీకంటే చావగొట్టేవాళ్లు నాకెవరు తెలుసు?"

"బాగోకపోతే?"

వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "బాగోలేదని చెప్పు. నీకు మొహమాటం ఎప్పుడుంది గనక?"

పొగడ్తో పోటో తెలియలేదు. వదిన బస్సెక్కేదాకా సాగనంపి వచ్చి, బొంగరం స్క్రూడ్రైవర్ పట్టుకుంది.

పాత కూలర్ని మెల్లగా మెలిపెట్టి లేపింది. ప్రాసెసర్ మీది పాత పేస్టు ఎండిన సున్నంలా పెళ్లలు కట్టి ఉంది. ఆ పేస్టు ఎందుకంటే, లోహం మీద లోహం ఎంత గట్టిగా ఆనినా మధ్యలో కంటికి కనపడని సందులుంటాయి. ఆ సందుల్లో గాలి చేరితే వేడి దాటదు. పేస్టు వాటిని పూడుస్తుంది. ఆమె పాతదంతా గుడ్డతో తుడిచి, కొత్త పేస్టు ధారాళంగా వేసి, వదిన కూలర్ని దాని మీద దించింది. స్క్రూ తిప్పుదామంటే స్క్రూడ్రైవర్ రేకుల సందులో సరిగా దూరలేదు. వేలు గీరుకుంది. ఎలాగో బిగించింది. కంప్యూటర్ క్యాబినెట్ తలుపు వెంట్రుకవాసిలో పట్టింది.

ఆరోజు వంటగది బొమ్మ ఒకటి బాకీ ఉంది. ఉడకబెట్టింది. వేడి అరవై దాటి, డెబ్బై దగ్గర ఆగింది. కదల్లేదు. గంటకు పైగా పట్టే బొమ్మ ఆమె బకెట్టెడు బట్టలు ఉతికి ఆరేసి వచ్చేసరికి ముప్పావు వంతు అయిపోయింది. బొంగరం నడుం మీద చేతులు పెట్టుకుని ఆ అంకెను చూస్తూ నిలబడింది. లోపల ఏదో పొంగింది. నాన్న షెడ్డులోంచి వచ్చిన వస్తువు ఇది. ఫోన్ తీసింది, వదినకు చెప్దామని.

అప్పుడే ఆ శబ్దం వినపడింది.

పెద్దదేం కాదు. ఎక్కడో ఎవరో పళ్ల సందున మూలుగుతున్నట్టు. వస్తుంది, పోతుంది. ఆమె ఫోన్ పక్కన పెట్టి క్యాబినెట్‌కు చెవి ఆనించింది. ఉంది. కుర్చీలో కూర్చుంటే ఉంది. మంచం మీద నుంచి కూడా ఉంది. ఒకసారి విన్నాక ఇక వినకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

మధ్యాహ్నం అన్నయ్య ఫోన్. "ఏమే, బిగించావా? ఎలా ఉంది?"

"వేడి బాగా తగ్గింది. చిన్న మూలుగు ఒకటి వస్తోంది అన్నయ్యా."

"మూలుగా? అయ్యో తల్లీ, మూలుగూ లేదు ముక్కుడూ లేదు. బాగుందని చెప్పెయ్. ఆవిడ నెలల తరబడి దీని మీదే ఉంది. నువ్వు వంక పెట్టావంటే ఇంట్లో నేను బతకలేను."

ఆ వెంటనే అమ్మ. "చూడు, నువ్వు నిజమే చెప్పినా అది ఆడపడుచు మాటే అవుతుంది. నోరు కాస్త అదుపులో పెట్టుకో."

ఇంత జరిగాక బొంగరానికి ఇంకేం కుదురు? ఫ్యాన్ తీగ సరిగ్గా పట్టలేదేమోనని కూలర్ మొత్తం విప్పింది. ఫ్యాన్ తిప్పి చూసింది, తుడిచింది, ఈసారి పేస్టు పొదుపుగా పల్చగా పూసి మళ్లీ బిగించింది. మూలుగు పోలేదు. పైగా వేడి ఎనభై దాటింది.

తన కళ్లను తాను నమ్మలేదు. మళ్లీ విప్పింది, మళ్లీ బిగించింది. ఈసారి డెబ్బై ఆరు. గది వేడెక్కిందేమోనని గోడకు థర్మామీటర్ తగిలించింది. గదిలో పెద్ద తేడా లేదు. గురువారం పొద్దున్న మళ్లీ విప్పి బిగిస్తే ఎనభై మూడు. ఒక్కోసారి ఒక్కో మాట చెప్తోంది ఈ కూలర్. తప్పు దానిదా, తన చేతిదా? లేక తప్పు దొరకాలని తనే వెతుకుతోందా? ఈ చివరి ప్రశ్న పుట్టాక ఆమెకు అన్నం సయించలేదు. కాఫీ పెట్టుకోవడం, తాగడం మర్చిపోయి మళ్లీ పెట్టుకోవడం. పంపాల్సిన బొమ్మల కోసం ఇంటి మేస్త్రి ఫోన్ చేస్తే, "రేపండీ, రేపు తప్పకుండా" అని అదే పాట పాడింది.

ఆమె భర్తది కళ్లజోళ్ల షాపు. ఊరు మునిగినా గొంతు పెంచని మనిషి. పొద్దస్తమానం ఎవరి కళ్ల ముందో అద్దాలు మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం ఆయన పని. శుక్రవారం షాపుకు సెలవు. పొద్దున్న లేచేసరికి బల్ల మీద కూలర్ విడిగా, స్క్రూలు విడిగా పడి ఉన్నాయి, పెళ్లాం కాలుగాలిన పిల్లిలా గది నాలుగు మూలలూ తిరుగుతూ కనిపించింది.

"ఏమోయ్, మళ్లీ విప్పావా?"

"ఏవండీ, మీకు ఆ మూలుగు వినపడుతోందా లేదా? నిజం చెప్పండి."

"నా చెవులతో నీకేం పని? నీకు వినపడుతోందో లేదో చూద్దాం. అది బిగించి, ఆన్ చేసి, గోడవైపు తిరిగి కూర్చో."

కూర్చుంది. ఆయన క్యాబినెట్ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇప్పుడుందా?"

"ఉంది."

"ఇప్పుడు?"

"ఉంది."

"ఇప్పుడు?"

"ఉందంటున్నాగా! ఇంకా ఎక్కువైంది కూడా."

"సరే, ఇటు తిరుగు." తిరిగి చూసింది. ఆయన చేతిలో వదిన కూలర్ ఫ్యాన్ వైరు ఉంది. ఫ్యాన్ ఆగిపోయి ఉంది. "రెండోసారి, మూడోసారి అడిగినప్పుడు ఇది తిరగట్లేదు," అన్నాడు, వైరు మళ్లీ గుచ్చుతూ.

మూలుగు ఇంకా వస్తూనే ఉంది. ఆయన క్యాబినెట్ వెనకున్న ఫ్యాన్ మీద వేలు పెట్టాడు. అది ఆగింది. మూలుగూ ఆగింది. ఎన్నాళ్లనుంచి మూలుగుతోందో ఏమో, పాత కూలర్ రొద కింద వినపడలేదు. వదిన కూలర్ నెమ్మదిగా తిరిగేసరికి ఇది బయటపడింది.

బొంగరం ముఖం మాడిపోయింది. తను ఫోన్లో అన్నయ్యతో అన్న మాట ఈపాటికి వదిన చెవిన పడే ఉంటుంది. "చూశారా," అంది, "నేను తప్పే వెతుకుతున్నాను. వేడి సంగతి కూడా అంతే అయ్యుంటుంది. నా చేతిదే లోపం."

"మూలుగు సంగతి తేలింది. వేడి సంగతి ఇంకా తేలలేదు," అన్నాడాయన. "అది తియ్యి, పలక చూద్దాం."

తీసింది. పేస్టు పలక నడిమధ్యన మందంగా, ముద్దలా మిగిలి ఉంది. అంచుల దగ్గర మాత్రం రాగి కనపడేంత పల్చగా నలిగింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. గుడ్డతో తుడిచాడు. తర్వాత తన షాపు సంచీలోంచి జేబు గడియారంలాంటిది ఒకటి తీశాడు. దాని అంచున మూడు చిన్న సూదులుంటాయి. అద్దం మీద ఆనిస్తే నడిమి సూది లోపలికో బయటికో జరిగి, ముల్లు అద్దం వంపెంతో చూపిస్తుంది. చదునైన దాని మీద పెడితే సున్నా. దాన్ని రాగి పలక మీద ఆనించాడు. ముల్లు సున్నా దగ్గర ఆగలేదు. ఎటు తిప్పి పెట్టినా అంతే.

"దీనికి మైనస్ అర ఉందోయ్," అన్నాడు, షాపులో చెప్పినంత గంభీరంగా. "మీ వదిన కూలర్‌కి కళ్లజోడు రాయాలి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు. పలక నడుమ గుంటపడి ఉంది. వెంట్రుక మందం కూడా ఉండదు, కానీ ఉంది. పేస్టు ధారాళంగా వేస్తే గుంట పూడుతుంది, వేడి దిగుతుంది. పొదుపుగా వేస్తే మధ్యలో ఖాళీ మిగులుతుంది. కొనుక్కున్నవాడి చెయ్యి ఎలాంటిదో ఎవరికి తెలుసు? ఒకడికి డెబ్బై, ఇంకొకడికి ఎనభై మూడు.

శనివారమంతా ఆ మాట ఎలా చెప్పాలా అని నలిగింది. ఫోన్లో చెప్దామని తీసి పెట్టేసింది. మెసేజ్ రాసి చెరిపేసింది. "చెప్పకపోతే ఏమవుతుంది?" అని భర్తను అడిగింది. "సోమవారం ఆయనొచ్చి తీసుకెళ్తాడు," అన్నాడు. "తర్వాత?" "తర్వాత నీకు నిద్ర పట్టదు, నాకూ పట్టదు." ఆదివారం పొద్దున్న ఆ సూదుల గడియారం అడిగి తీసుకుని, కూలర్ సంచీలో వేసుకుని బస్సెక్కింది. సీటు దొరికినా నిలబడే వెళ్లింది.

షెడ్డు తెరిచే ఉంది. వదిన ఒక్కతే, పొడవాటి బల్ల ముందు పెట్టెల మీద కాగితాలు అంటిస్తోంది. తయారైన కూలర్లు ట్రేలలో వరసగా ఉన్నాయి. రాగి, అల్యూమినియం, అతుకు మందు కలిసిన వాసన బొంగరం ముక్కుకు తగిలింది.

"మూలుగుతోందటగా నా కూలర్," అంది వదిన, తల ఎత్తకుండానే.

"లేదు వదినా. అది నా పొరపాటు. మూలిగింది మా క్యాబినెట్ ఫ్యాన్. నీది చప్పుడే లేదు."

వదిన తల ఎత్తింది. ఆ కళ్లలో వెలుగు చూశాక మిగతాది చెప్పడం ఇంకా కష్టమైంది. బొంగరం ఒక్క గుక్కలో చెప్పేసింది: అంకెలు మారడం, పేస్టు ముద్ద, మైనస్ అర.

వదిన చేతిలోని కాగితం పెట్టె మీద అంటించింది. తర్వాత మెల్లగా అంది. "మొత్తానికి ఒకటి కాకపోతే ఇంకొకటి. వంక దొరికేదాకా వదల్లేదన్నమాట."

"నేను నాలుగు రోజుల్నుంచి వంక లేదని తేల్చడానికే చస్తున్నా వదినా!"

"ఈ షెడ్డు నాకివ్వడం నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు."

అన్నేళ్లుగా ఎవరూ అనని మాట. బొంగరం అటూ ఇటూ నడవడం ఆపింది. "లేదు," అంది. "అప్పుడు ఇష్టం లేదు. కానీ దానికీ ఈ గుంటకీ సంబంధం లేదు. నా మాట నమ్మకు. ఇదిగో, నువ్వే పెట్టి చూసుకో." గడియారం బల్ల మీద పెట్టింది.

వదిన దాన్ని ముట్టుకోలేదు. బొంగరం ఇక నిలబడలేక బయటికొచ్చి, రోడ్డు చివరిదాకా వెళ్లి వచ్చింది. మళ్లీ వెళ్లి వచ్చింది. లోపలికి తొంగిచూస్తే వదిన ట్రే ముందు వంగి ఉంది. ఒక్కో కూలర్ తిరగేసి, సూదులు ఆనించి, పక్కన పెడుతోంది. ఇంకొకటి. ఇంకొకటి. ఎక్కువా తక్కువా అన్నిటికీ గుంట ఉంది. చివరికి ఇంకా గొట్టాలు అతకని పలక ఒకటి తీసి ఆనించింది. ముల్లు సున్నా మీద నిలబడింది.

"అతికేటప్పుడు," అంది వదిన, ఎవరితోనో కాదు, ఆ పలకతోనే. "వేడికి లాక్కుంటోంది. మొదట్లో అతికాకే చదును చేసేవాళ్లం. ఆ షాపాయన తొందరపెడుతున్నాడని ముందే చదును చేసి పెట్టుకోవడం మొదలెట్టించాను. నేనే మార్పించాను." గడియారం తిరిగి చేతిలో పెట్టి, "నువ్వెళ్లు. బస్సు టైమైంది," అంది. మొహం చూపించలేదు.

సోమవారం ఏం జరిగిందో అమ్మ చెప్పింది. సరుకు సరిచేయాలి, ఆగమని వదిన అడిగింది. షాపాయన ఆగనన్నాడు. వేరేవాళ్ల దగ్గర తీసుకున్నాడు. అన్నయ్య ఫోన్ చేసి, "సంతోషమా?" అని ఒక్క మాట అని పెట్టేశాడు.

ఆ తర్వాతి రోజులు బొంగరానికి ముళ్ల మీద నడిచినట్టే గడిచాయి. పాత కూలర్ మళ్లీ బిగించింది, రొద మళ్లీ మొదలైంది. ఫోన్ మోగితే వదినేమోనని పరుగెత్తేది. తీరా చూస్తే మేస్త్రి. చెప్పి తప్పు చేశానా అని ఒక పూట, చెప్పకపోతే ఇంకా తప్పు కదా అని ఒక పూట. తను చేసే బొమ్మల్లో కుర్చీలు ఒక చోట నుంచి ఇంకో చోటికి జరిపి, మళ్లీ అక్కడికే జరిపేది. భర్త క్యాబినెట్ వెనకున్న మూలిగే ఫ్యాన్ ఒకటి మార్చి పెట్టాడు.

ఒక పొద్దున తలుపు తీస్తే వదిన. చంకన అట్టపెట్టె. పలకరింపు లేదు, నేరుగా వచ్చి మంచం అంచున కూర్చుంది.

"బిగించు."

బిగించింది. ఒక పడగ్గది బొమ్మ ఉడకబెట్టింది. ఇద్దరూ తెర మీది అంకెను చూస్తూ కూర్చున్నారు. డెబ్బై దగ్గర ఆగింది.

"తీసెయ్. ఈసారి పేస్టు పల్చగా."

డెబ్బై ఒకటి.

"లే. నేను బిగిస్తా." వదినకు ఆ పని అలవాటు లేదు. పేస్టు వంకరటింకరగా పూసింది. బొంగరం నోటి దాకా వచ్చిన మాటను మింగి ఊరుకుంది. అయినా డెబ్బయ్యే. వదిన ఫోన్ మోగింది. అన్నయ్య గొంతు బయటికే వినపడుతోంది: "ఏమంది? ఏమంది?"

"ఏమీ అనలేదు. ఉండండి," అని పెట్టేసింది వదిన. తర్వాత ఇటు తిరిగింది. "ఎలా ఉంది?"

"బాగుంది వదినా. నిజంగా బాగుంది."

"ఇంకా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు."

బొంగరం వేలు చూపించింది. "స్క్రూడ్రైవర్ దూరట్లేదు. మొదటిరోజే గీరుకుంది. ఇవాళ మళ్లీ."

వదిన తన చెయ్యి చూసుకుంది. అదే చోట ఎర్రటి గీత. అప్పుడు నవ్వింది, ఆపుకోకుండా. "అదేం మనిషివే! అంత కథ చెప్పినదానివి ఈ మాట చెప్పడానికేం?"

"అప్పటికే ఒకటి చెప్పాను కదా. రెండోది చెప్తే కొట్టేదానివి."

"కొట్టేదాన్నే."

ఆ తర్వాత రేకుల్లో స్క్రూడ్రైవర్ పట్టేంత చిల్లులు పెట్టించింది వదిన. పెద్ద షాపాయన తిరిగి రాలేదు. రిపేర్లు చేసుకునే చిన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తీసుకున్నారు, వాళ్ల ద్వారా ఇంకొందరు. షెడ్డు ఎకాయెకీ వెలిగిపోలేదు, మూతా పడలేదు. అన్నయ్య మాత్రం ఇప్పుడు అందరితో, "మా ఆవిడా మా చెల్లీ కలిసి చేస్తున్నారు" అంటాడు, ఏదో తనే కలిపినట్టు.

మొన్న ఆదివారం వదిన మళ్లీ వచ్చింది. సంచీలోంచి పొట్టిదొకటి తీసింది. గొట్టాలు పక్కకు వంగి, రేకులు బల్లపరుపుగా పడుకుని ఉన్నాయి.

"చిన్న పెట్టెల్లోకి. ఇంకా ఫ్యాన్ కుదర్లేదు. ఏ రెక్కలది పెట్టినా గాలి రేకులకు తగిలి గరగరమంటోంది. నా చెవికే అలా ఉందో, నిజంగానే ఉందో తేలడం లేదు. రెండు రాత్రుళ్ల నుంచీ ఇదే ధ్యాస."

బొంగరం అప్పటికే నేల మీద కూర్చుని క్యాబినెట్ తలుపు ఊడదీస్తోంది. "వదినా, నువ్వు గోడవైపు తిరిగి కూర్చో," అంది.